ప్రస్థానపు మూట

మార్గశిరమాసపు మంచు పల్నాటిసీమ నావరించియుండు దినములలో పిడుగురాళ్ల పట్టణమున కొక విచిత్రమైన ధావళ్యము కలుగును. ఆకాశమునుండి దిగు తుషారమును భూమినుండి లేచు సున్నపుధూళియు నడుమ నెచ్చటనో కలసికొని యేది హిమమో యేది భస్మమో తెలియరాని యొక తెరయై వీథులపై వ్రేలాడుచుండ, బట్టీల శిఖరములనుండి వెడలు ధూమము గాలిలేమిచే పైకి పోజాలక యా తెరయందే తలదూర్చి నిలిచియుండ, తాటియాకులును రేకులపైకప్పులును నెమరువేయు గేదెల వీపులును తెల్లవాఱకమున్నే రాయి మోసికొనివచ్చిన లారీల ముఖములును సమస్తము నొకే వర్ణమును ధరించి మిగుల వయసు మీఱినవానివలె గుర్తింపరానివై యుండును. క్రొత్తగా వచ్చిన బాటసారి యది చల్లని తెలుపని భ్రమించి చేయి సాచును. ఆ యూరివా రెవ్వరు నట్లు చేయరు. అచ్చటి తెలుపు కాల్చునదియని పాకెడు బిడ్డకును తెలియును.

ఆ పట్టణపుకొసను రైలుకట్ట ప్రక్క కొత్తమాసు వీరరాఘవులను గృహస్థునకు సున్నపు బట్టీ యొకటి కలదు. పైనుండి రాయిని బొగ్గును పొరలుపొరలుగా నింపుచు క్రిందినుండి కాలిన సున్నమును తీయుచుండవలసిన యా బట్టీ రగిలింపబడినపిమ్మట నార్పుటకు వీలుపడదు. ఆర్పినచో లోపలిరాయి సగము పచ్చిదయి సగము మాడి గోడలను పట్టుకొనును. కావున వీరరాఘవులు యజ్ఞములు చేయకయే నిత్యాగ్ని కలవాడయి, యౌవనమునుండియు దాని సెగను ముఖమున ధరించుచు, ఎల్లప్పుడు నలసినవాడును అలసటనుగూర్చి మాటలాడనివాడును అయియుండెను. ఆయన భార్య సుబ్బరత్తమ్మ. ఆ దంపతులకు సంతానము లేదు. బట్టీకిని నింటికిని నడుమ గోడ యొక్కటియే యుండుటచే ధూళి యా యింట మూడవ మనుష్యునివలె నివసించుచుండెను.

కాపురమునకు వచ్చిన క్రొత్తలో నొక వర్షదినమున రత్తమ్మ పెరటిలో తెల్లగా మెత్తగా పఱచికొనియున్నదానిని ముగ్గుపిండి యనుకొని పాదము మోపెను. అది వానకు తడిసి యుడుకుచున్న సున్నము. అరికాలు బొబ్బలెక్కి యామె మంచముపట్టియున్న కాలమున నెదుటిగోడపై బట్టలదుకాణమువారి క్యాలెండరులోని బొమ్మ యొకటి యామెకు తోడుగా నుండెను. పర్వతపు వాలున మంచుపై నొక యువతి రెండు పొడవైన పలకలను పాదములకు కట్టుకొని జాఱుచు పడిపోయి, పడినచోటనే కూర్చుండి నవ్వుచుండెను.

"చూడండి, ఆ పిల్ల పడింది. ఒళ్లంతా తెలుపే. అయినా కాల్లేదు" అని రత్తమ్మ భర్తతో ననెను. "నేను కూడా ఒక్కసారి పోయి అట్టా పడాలండీ."

"పడుదువుగానిలే. తీసకపోతా" అని వీరరాఘవులు నవ్వుచు మాట యిచ్చెను.

ఆ దినమునుండి వారి జీవితమున నొక యాత్ర ప్రవేశించెను. రోహిణికార్తె యెండలలో రాళ్లు పగులునట్టి దినములు గడచి సంజవేళ పంచలో నీళ్లు చల్లించుకొని కూర్చుండి వీరరాఘవులు కాశ్మీరమునుగూర్చి మాటలాడుచుండును. మొదట సెలవుపై వచ్చిన సైనికుల నడిగియు పిదప చేతిఫోనులో చూచియు నాయన సమకూర్చుకొనిన జ్ఞాన మపారము. గుల్మార్గులో మంచు ఏ మాసమున నెంత లోతుండునో, తీగెపై నడచు పెట్టె యాత్రికులను ఏ శిఖరముదాక మోయునో, క్రొత్తగా నేర్చువారు స్కీపలకల ముందుకొనల నొకదానికొకటి చేర్చి వేగము నెట్లు తగ్గించుకొనవలెనో, పడబోవునపుడు ప్రక్కకేల పడవలెనో యాయనకు కంఠోపాఠము. హిమమును కంట చూడని యా మనుజుడు హిమమునుగూర్చి చెప్పుచుండగా వినువారికి చెమట యాఱును. కాని మంచు కురియు మాసములే సున్నమునకు గిరాకి కల మాసములు. ఊళ్లన్నియు నిండ్లకు వెల్లవేసికొను వేళకు బట్టీయజమాను డుత్తరదేశమున జాఱుచుండుట యెట్లు? చలి ప్రవేశింపగానే "ఈసారికి కాదులే" యని యాయన యనును. "సరేలెండి" యని యామె యనును. యాత్ర మానబడలేదు, వాయిదా పడుచుండెను. ఈ రెంటికిని గల భేదము సూక్ష్మమైనది. మానుకొన్నవాడు దుఃఖించి మఱచును. వాయిదా వేసినవాడు దుఃఖింపకయే వృద్ధుడగును.

ఇట్లుండ నొకయేటి వర్షర్తువున రత్తమ్మకు పొడిదగ్గు పట్టుకొని విడువదయ్యెను. గుంటూరి వైద్యుడు ఎక్సురే ఛాయాచిత్రమును వెలుతురునకెత్తి చూచి, యూపిరితిత్తులలో ధూళి గూడుకట్టుకొనినదని చెప్పెను. బిడియపడుచునే రత్తమ్మ మంచుకొండల సంగతి యడుగగా నాయన కొంత యాలోచించి యనెను: "ఈ శీతాకాలం అయితే పోయిరండమ్మా, మందులు దగ్గర పెట్టుకుని. అంత ఎత్తున ఆ చలిగాలి తట్టుకోగలరు. పై ఏటి సంగతి మటుకు నన్నడగబాకండి."

ఆ మాట విన్నవెనుక వాయిదాకు చోటు లేకపోయెను. వీరరాఘవులు బట్టీని తమ్ముడు కోటిలింగమున కప్పగించుటకు నిశ్చయించి, సికింద్రాబాదునుండి కాశ్మీరమునకు పోవు యాత్రికుల గుంపొకదానితో నిద్దఱకును చోటు కుదిర్చి, రైలుటిక్కెట్లు కొనెను. వైద్యశాలనుండి వచ్చినది మొదలు రత్తమ్మ ముఖమున నొక వెలుగు కుదురుకొనెను. ఆయన ముఖమునందు మాత్రము శ్రద్ధ పెరిగెను. శ్రద్ధయు నానందమును దూరమునుండి యొకే తీరున కనబడును.

పంచలో మోకాళ్లు వంచి చేతులు ముందుకు చాచి యాయన ప్రతిదినమును సాధన చేయుచుండెను. ఎదురింటి భ్రమరాంబ భర్త పోయిన పిమ్మట నొంటరిగా నుండుచు, వీథిలో జరుగు ప్రతివిషయమునకును తన వ్యాఖ్యను ఉచితముగా నొసగు స్త్రీ. ఒకనాటి యుదయమున నామె గుమ్మమున నిలిచి యీ సాధనను చూచెను.

"ఏంది అన్నయ్యగారూ, గుంజీళ్లు తీస్తన్నారు? వదిన ఏం తప్పు పట్టింది?"

"గుంజీళ్లు కాదమ్మా, స్కీయింగు. మోకాళ్లు వంచి బరువు ముందుకెయ్యాలి."

"మీరు బరువు ముందుకేస్తే ఆ కొండే కిందికొచ్చుద్ది. వదినని జారమనండి, మీరు గట్టున కూర్చుని చెప్తా ఉండండి. చెప్పటంలో మిమ్మల్ని మించినోళ్లు లేరు."

రత్తమ్మ నవ్వెను. నవ్వు దగ్గయ్యెను. దగ్గు తగ్గినపిదప మరల నవ్వెను.

ప్రయాణము బుధవారమునాటిది. టిక్కెట్లు చేతికి వచ్చినపిమ్మట పంచాంగము చూచిన వీరరాఘవులు నాడు ఉత్తరదిశకు వారశూల యని గ్రహించి కలవరపడెను. "రైలుకు శూలేందండీ?" యని రత్తమ్మ యనినను నాయన వినలేదు. అట్టి సంకటములకు పెద్ద లేర్పఱచిన యుపాయ మొకటి కలదు. దోషములేని ముందటి దినమున మంచిగడియ చూచి ప్రయాణపు వస్తువులు కొన్నిటిని మూటగట్టి పొరుగింట నుంచుదురు. దానిని ప్రస్థాన మందురు. మూట గడప దాటినప్పుడే మనుష్యుడు బయలుదేఱినట్లు లెక్క. పిదప శరీర మే వారమున కదలినను దోషము లేదు. కాని బయలుదేఱిన మూటను మరల నింటికి తేరాదు.

ఆదివారము ప్రాతఃకాలమున వీరరాఘవులు తానే కూర్చుండి యా మూటను కట్టెను. రత్తమ్మకై నరసరావుపేటలో కొనిన ఉన్నికోటును, చేతితొడుగులను, మేజోళ్లను, చెవులు కప్పు టోపీని, తన స్వెట్టరును మడచి పసుపుబట్టలో నుంచి, నడుమ నడుమ కాలిన సున్నపుగడ్డలను పెట్టెను. సున్నపుటూళ్ల వారు పెట్టెలలో చెమ్మ చేరకుండుటకు నీరు తగులని సున్నమును పెట్టుట వాడుకయే. కాని దానిని తగరపు డబ్బాలో పోసి మూలగా నుంచుదురు. బట్టల మడతలనడుమ నెవ్వరు నుంచరు. మూట భ్రమరాంబగారి నట్టింట బల్లపైకి చేఱెను. ఆమె తన యత్తవారింటి మర్యాద ననుసరించి దాని తలాపున నిత్తడిచెంబుతో నిండుగా నీళ్లు పెట్టి కుంకుమ నద్దెను.

బుధవారము తెల్లవాఱెను. అపరాహ్ణమున రైలు. రత్తమ్మ స్నానముచేసి జడ యల్లుకొనుచుండగా వీథినుండి కేక వినబడెను.

"అన్నయ్యగారూ! వదినా! మీ పరస్థానం పొగలు కక్కుతోంది! రండి రండి!"

దంపతులు పరుగెత్తిరి. భ్రమరాంబ పెంచు పిల్లి కొంతసేపటి క్రిందట బల్లపైకి దుమికి చెంబును పడద్రోసినది. నీరు మూటలోని కింకినది. సున్నము తన స్వభావమును తాను చూపినది. పసుపుబట్ట పగిలి లోపలినుండి తెల్లని ముద్ద పొంగివచ్చి బుసబుసలాడుచు నావిరి గ్రక్కుచుండెను. ఉన్ని సున్నమున కోర్వదు. కోటు నడుము జిగురై కరగిపోయెను, టోపీ పసుపువన్నె తిరిగి చేతికందిన చోటనెల్ల నూడివచ్చుచుండెను.

"నా చేతులిరగా! చెంబు పెట్టింది నేనే. ఆ పాడుపిల్లిని పెంచిందీ నేనే" యని భ్రమరాంబ నుదురు కొట్టుకొనెను.

వీరరాఘవులు మూటను చూచెను. పిదప దీర్ఘముగా నూపిరి విడిచెను. ఆయన భుజములు క్రిందికి దిగెను. నుదుటి ముడుత లొకటొకటిగా విడిపోయెను. ఎంతోదూరము మోసిన బరువు నెవరో దించినట్లు నిలిచి, మృదువుగా ననెను: "శకునం ఇంత కళ్లకు కట్టినట్టు చెప్పిన తరవాత కూడా పోవటం మంచిది కాదు రత్తమ్మా. పై ఏడు చూద్దాం."

ఆమె మూటను చూచుటలేదు. ఆయననే చూచుచుండెను. ఇన్నియేండ్ల దాంపత్యమున బట్టీకడనుండి వచ్చినపుడు గాని, భుజించునపుడు గాని, నిద్రించునపుడు గాని యా ముఖమున నామె యెఱుగని విశ్రాంతి యొకటి యప్పుడు కనబడెను. కోటు కాలినందు కామె దుఃఖింపలేదు. ఆ విశ్రాంతిని చూచి యామె గోడనానుకొనెను.

పిదప మునివ్రేళ్లతో ముద్దనుండి ఇంకను కరగని సున్నపుముక్క నొకదానిని చీరచెఱగుతో పట్టి యెత్తి, "ఇది డబ్బాలో గదా మనం పెట్టుకునేది" అనెను.

"చెమ్మ పట్టకుండా ఉంటదని..."

"నీళ్లు పడితే ఏమయిద్దో మీకు తెలవదా?"

ఆమె యడిగినది నింద కాదు, ప్రశ్న. నిందకైన నెదురాడవచ్చును. ప్రశ్న లోపలికి దిగి యన్నిగదులను తెఱచి చూచును. మూట కట్టుచున్నప్పుడు తాను తెలిసి చేసితినని చెప్పుటకు వీరరాఘవులకు తనలో సాక్ష్య మేదియు కనబడలేదు. తెలియక చేసితినని చెప్పుటకు జీవితమంతయు సున్నమునడుమ గడపిన తన వృత్తియే యడ్డము వచ్చెను. ఎఱుకకును మఱపునకును నడుమ నొక చీకటిగది కలదు. మనుష్యుడు తాను కోరనిపనిని తనచేతితోనే చేయుటకును, కోరినపనిని తనచేతితోనే చెఱుపుటకును అచ్చటినుండియే యాజ్ఞలు వెలువడును. ఆ గదికి యజమానుడు తానే యైనను తాళపుచెవి తనయొద్ద లేదని యాయనకు మొదటిసారిగా తోచెను. తోచినను నోటినుండి వేఱొకమాట వచ్చెను.

"ఉన్నిబట్టలు లేకుండా ఆ చలిలోకి ఎట్టా పోతాం?"

"గుల్మార్గు కింద టంగుమార్గు దగ్గర బస్సు దిగంగానే కోట్లు, బూట్లు అద్దెకిస్తారు. మీరే చెప్పారు. పోయిన ఎండాకాలం చెప్పారు, అంతకు ముందూ చెప్పారు."

"బట్టీ..."

"కోటిలింగం పొద్దున్నే పైకెక్కి బొగ్గేయిస్తన్నాడు. ఇక్కడికి కనపడతానే ఉంది."

ఆయన చెప్పిన కబుర్లన్నియు నామె యొద్ద వస్తువులుగా మాఱి యున్నవి. తాను వినోదార్థము నింపుచుండిన గాదెనుండి యామె భోజనమునకు గింజలు తీయుచుండగా వీరరాఘవులు నిస్సహాయుడై చూచుచుండెను. రత్తమ్మ దగ్గి, కన్నులు తుడుచుకొని, నెమ్మదిగా ననెను:

"ఒక్కటడుగుతా. నా కోసం అని మటుకు చెప్పబాకండి. మీకు రావాలని ఉందా?"

భ్రమరాంబ తలుపుచాటునకు తప్పుకొనెను. ఆమె మౌనముగా నుండుట యా వీథి యెఱుగని సంగతి.

"లేదు రత్తమ్మా" అని యాయన చెప్పెను. "ఎప్పుడూ లేదేమో. పొయ్యి దగ్గర ఒళ్లంతా హూనమై ఇంటికొచ్చి, ఆ మంచు సంగతి నీకు చెప్తా ఉంటే ప్రాణం చల్లబడేది. నిజంగా పోతే... పోయి చూసొస్తే, ఇంక చెప్పుకోటానికి ఏముంటది? నాకు చెప్పుకోటం చాలేది."

"నాకు చాల్లేదండీ."

ఆమె యా మాటను కోపముతో ననలేదు. సుదీర్ఘమైన దారి నడచినవాడు మైలురాయిని చదువునట్లు చదివెను. పిదప "ఇదేదో మొదట్లోనే చెప్తే నేను అప్పుడే ఒక్కదాన్నే పోయేదాన్ని. భయంగా ఉండేది, అయినా పోయేదాన్ని" అనెను.

"ఇప్పుడు పోతావా?"

"మూట బయల్దేరింది. కాలితే మూట కాలింది. నేను కాల్లేదు గదా."

తలుపుచాటున నిక నిలువలేక భ్రమరాంబ లోపలికి పోయి యినుపపెట్టెను చప్పుడగునట్లు తెఱచి, నల్లని దళసరి కోటు నొకదానిని దులుపుకొనుచు వచ్చెను. "ఇది మా ఆయనది వదినా. కొన్నాడే గానీ తొడిగింది లేదు. ఈ ఊళ్లో ఎవరికి చలేసిందని! కలరా ఉండల వాసనొస్తే రానీ, ఆ మంచులో ఎవడి ముక్కూ పనిచెయ్యదు. అన్నయ్యగారూ, మీరట్టా రాయిలా నిలబడబాకండి, సంచీ కట్టండి."

వీరరాఘవులు సంచి కట్టెను. మందులను పైన పెట్టెను. ఏ మాత్ర యెప్పుడు మ్రింగవలెనో చెప్పబోయి, యామెకు తెలియునని గుర్తుతెచ్చుకొని సంచిమూతి బిగించెను.

అపరాహ్ణమున రైలుస్టేషనుదాక నాయన యా సంచిని మోసెను. తానుగూడ వత్తునని యొకమాఱు నోటిదాక వచ్చినది. వచ్చినచో నది యామెకొఱ కనవలసివచ్చును. తనకొఱ కనినచో నది యబద్ధ మగును. ఆ యుదయమున వారిద్దఱినడుమ మొలచిన సత్యము లేతది. దానిని త్రొక్కుట కాయన కిష్టము లేకపోయెను. కావున గుంపువారు సికింద్రాబాదున నెదురుచూతురని, వారి నాయకురాలితో మాటలాడితినని, తన చోటు ఖాళీగా నుండుటచే సామాను పెట్టుకొనవచ్చునని మాత్రము చెప్పెను.

"అన్నం వేళకు తినండి" అని రత్తమ్మ యనెను. "భ్రమరాంబ వదిన కూర పంపిద్ది. ఉప్పెక్కువైందని మొహం మీద చెప్పబాకండి."

రైలు వచ్చెను. ఆమె కిటికీకడ కూర్చుండెను. చచ్చినవాని కోటు భుజములకు విశాలమై, చేతులకు పొడవై, యామెను క్రొత్తగా బడికి పోవు బాలికవలె కనబఱచుచుండెను. ప్రక్కన కూర్చున్న పరాయి స్త్రీ యేదియో యడుగగా నామె బదులు చెప్పుచు, చేయి యెత్తి దూరము చూపుచు, ఏ సంగతినో విపులముగా వివరింపసాగెను. లేచి నిలిచి మోకాళ్లు వంచి చూపుట కిటికీలోనుండి తెలియుచుండెను. ఆ స్త్రీ నవ్వెను. రత్తమ్మయు నవ్వెను. బండి కదలినపుడామె భర్తవంక తిరిగి చేయి యూపబోగా కోటుచేయి జాఱి వ్రేళ్లను కప్పివేసెను. నల్లని చేతికొన యొకటి మాత్రము గాలిలో నూగుచు కొంతదూరము కనబడి పిదప కనబడదయ్యెను.

ఒకరి కోరికను మఱియొకరు మోయుట ప్రేమయని లోకము తలంచును. తలంపు తప్పుకాదు. కాని దానిని కట్టుదిట్టముగా పట్టుకొని యెచ్చటికిని కదలనీయక నిలుచుటయు చూచువారికి మోయుటవలెనే యుండును. మోయువానికిని నట్లే యుండును. అలసటయు నట్లే కలుగును. ఆ భేదమును తెలుపునది యొక్కటియే. బరువు దిగిననాడు మొదటివాని చేతులు నొచ్చును. రెండవవానికి చేతులను ఏమి చేయవలెనో తెలియదు.

వీరరాఘవులు తన చేతులను చూచుకొనెను. అవి రెండు ప్రక్కల వ్రేలాడుచుండెను. బట్టీవైపు పోవు దారియు నింటివైపు పోవు దారియు ఎదుట నుండగా నాయన యే దారియు పట్టక ప్లాటుఫారముపై సిమెంటుబల్లమీద మెల్లగా కూర్చుండెను. పట్టాలు సాయంసంధ్యలో కొంతసేపు మెఱసి మెఱసి మాసిపోయెను. చేయవలసిన యేర్పాటు ఏదియు మిగిలియుండలేదు.